కాశిబుగ్గ కంప్యూటర్

పోశయ్య చనిపోయాడన్న కబురు పొద్దున పదింటికి వచ్చింది. అప్పటికి నేను కాశిబుగ్గలో భద్రమ్మ ఇంటి మగ్గం గదిలో నేల మీద చతికిలబడి, ఒక పాత కంప్యూటర్ డబ్బా మరలు విప్పుతున్నాను. ఫోన్ చేసింది లాయర్ వినోద. మామూలుగా ఆమె నా ఆరోగ్యం, మా అమ్మ మోకాళ్లు, ఎండలు అన్నీ అడిగాక గానీ అసలు సంగతికి రాదు. ఈసారి అవేమీ లేవు.

"పద్మలతా, దవాఖానల ఉన్న ఆ వాచ్‌మన్ పోయిండు. ఇగ ఇది గోదాం తగలబెట్టిన కేసు గాదు, ఖూనీ కేసు. రేపు బెయిల్ వాదన ఉన్నది. ఆ వీడియో లేకుంట నేను జడ్జి ముంగట నిలబడి ఏం మాట్లాడాలె?"

"సాయంత్రం వరకు తెస్త," అన్నాను.

తెస్తానని ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. డబ్బా ఇంకా తెరుచుకోనే లేదు. నా డిటెక్టివ్ ఏజెన్సీకి వచ్చే పనుల్లో సగం పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లగాడు తాగుతాడా, ఆఫీసులో ఎవరితోనైనా తిరుగుతాడా, అంతవరకే నా రాజ్యం. ఇలా ఒక మనిషి బతుకు ఒళ్లో పెట్టి కూర్చోబెట్టిన కేసు ఇదే మొదటిది.

గదిలో ఉన్న ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. దాచి లాభం లేదు గనుక చెప్పేశాను.

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూతురు కావ్య గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చుంది. మగ్గం మీద జంపఖానా నేస్తున్న సదానందం చేతిలో పేక పోగు తిప్పే నాడె ఆగిపోయింది. అతను భద్రమ్మకు మరిది. అన్న పోయిన తర్వాత ఈ ఇంటిని మోసుకొస్తున్నది అతనే.

"లేదు మేడం," అన్నాడు నెమ్మదిగా. "పోశన్న బతుకుతడన్నరు డాక్టర్లు. మొన్న గూడ అన్నరు. గట్లెట్ల పోతడు?"

పాపం, మెత్తటి మనిషి అనుకున్నాను. ముక్కూమొహం తెలియని వాచ్‌మన్ కోసం కళ్లు తుడుచుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉంటారు?

కథ చిన్నదే. రమాకాంత్ అనే వ్యాపారి మరమగ్గాల మీద చేయించిన సరుకును చేతినేత జంపఖానాలని చెప్పి అమ్ముతున్నాడు. డిజైన్లు మాత్రం ఈ వాడ నేతగాళ్లవి. భద్రమ్మ కొడుకు భానుచందర్ నలుగురిలో అతని కాలర్ పట్టుకున్నాడు. రెండు రోజులు తిరగకుండానే, ఒక శనివారం సాయంత్రం ఏడింటికి రమాకాంత్ గోదాం అంటుకుంది. ఆ వేళకు అందులో ఎవరూ ఉండరు. ఆ రోజు మాత్రం రాత్రి కాపలాకు రావలసిన పోశయ్య జ్వరంతో ముందే వచ్చి లోపల పడుకుని ఉన్నాడు. పోలీసులకు కాలర్ పట్టుకున్నవాడు దొరికాడు, ఇక రెండోవాణ్ణి వెతకలేదు.

భానుచందర్ చెప్పేది ఒకటే మాట. ఆ సాయంత్రం ఇంట్లో మగ్గం మీదే ఉన్నానని. చూసిన మనిషి లేడు. చూసిన కన్ను మాత్రం ఉంది. నేత పాఠాలు ఇంటర్నెట్‌లో పెడదామని కావ్య ఈ కంప్యూటర్‌కు చిన్న కెమెరా తగిలించి మగ్గం వైపు తిప్పింది. ఆ రోజు అన్నను మగ్గం ఎక్కించి, రికార్డింగ్ మొదలుపెట్టి, తల్లితో కలిసి బోనాలకు చుట్టాలింటికి వెళ్లింది. రెండు గంటల వీడియో. అందులో భానుచందర్ మగ్గం మీదే కనిపిస్తే, ఏడింటికి గోదాం దగ్గర లేనట్టే.

ఆ వీడియోను చెరిపేసింది కూడా కావ్యే.

"మళ్ల మొదటి నుంచి చెప్పు," అన్నాను మర విప్పుతూనే.

"ఎన్నిసార్లు చెప్పాలె అక్కా?"

"నేను చాలు అనేదాకా."

కావ్యకు పందొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. ముక్కు ఎగబీల్చి మొదలుపెట్టింది. "పోలీసోళ్లు వీడియో ఉంటే తెమ్మన్నరు. కంప్యూటర్ పెడితే నల్ల స్క్రీన్ మీదనే ఆగింది. ముందుకు పోతలేదు. అసలే సెకండ్ హ్యాండ్ది, నర్సంపేటల ఎవలో అమ్ముకుంటే కొన్నం. రిపేర్ షాపాయన ఒక పెన్ డ్రైవ్ ఇచ్చి, ఇది పెడితే మంచిగైతది అన్నడు. పెట్టిన."

"అది ఏం అడిగింది?"

"రిపేర్ చెయ్యాల్నా, కొత్త విండోస్ ఎక్కియ్యాల్నా అని. ముందుగాల రిపేర్ ఒత్తిన. కాలే. ఇగ రెండోది ఒత్తిన. డిస్కుల ఉన్నదంత పోతది, సరేనా అని అడిగింది." ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది. "సరే అన్న. పాత విండోస్ ఒక్కటే పోతదనుకున్న. అన్న బతుకు ఆ డబ్బల ఉన్నదని తెలిసి గూడ సరే అన్న అక్కా. నా చేతులార నేనే."

నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. జాలిని పక్కన పెట్టాను. "ఏడుపు తర్వాత. ఎంతసేపు నడిచింది?"

"పావుగంట. కొత్త విండోస్ వచ్చి పేరు అడుగుతాంది. అప్పుడు తెలిసొచ్చింది. వైరు పీకేసిన."

"తర్వాత?"

"మా కాలేజీ సారును అడిగిన. దాని మీద కొత్తగ ఏం రాయకుంటే పాతది చాన మట్టుకు లోపల్నే ఉంటదన్నడు. ఇంటికొచ్చి అమ్మకు, చిన్నాయినకు చెప్పిన. ఎవ్వరు ముట్టుకోవద్దు, ఆన్ చెయ్యొద్దు అని."

ఆ సారు చెప్పింది నిజమే. ఇంటి తలుపు మీది నంబర్ పలక పీకేసినంత మాత్రాన ఇల్లు కూలిపోదు. పోస్ట్‌మన్‌కు దారి తెలియదు, అంతే. ఆ స్థలంలో కొత్త గోడలు లేపినప్పుడే పాత ఇల్లు నిజంగా పోతుంది.

"ఇన్ని రోజులు ల్యాబుకు ఎందుకియ్యలే?" సదానందం వైపు తిరిగి అడిగాను.

"నేనే పట్టుకున్న మేడం ఆ పని. హైదరాబాద్ల ఒకాయన చేస్తడంటే ఫోన్ల మీద ఫోన్లు చేస్తాన్న. రేపంటడు, ఎల్లుండంటడు. ఈ పోరి ఆగలేక మీ దగ్గరికొచ్చింది."

"ఆ శనివారం ఏడింటికి మీరెక్కడున్నరు?"

"బజార్ల. రంగులు కొనేటందుకు పోయిన. పోలీసోళ్లు గూడ రాసుకున్నరు."

డబ్బా మీద పసుపు నూలుపోగు కట్టి ఉండేది. రాఖీ పున్నమి నాడు ఈ ఇంట్లో మగ్గానికి, నాడెకు, రాట్నానికి పోగు కట్టి మొక్కుతారు. ఈ ఏడాది భద్రమ్మ కంప్యూటర్‌కూ కట్టింది. దాని కరెంటు వైరును చుట్టగా చుట్టి డబ్బా మీద పెట్టి, దాని మీదుగా పోగు బిగించింది. కొడుకును విడిపించే పనిముట్టు కదా అది. పొద్దున నేను రాగానే దాన్ని తెంపకుండా, ఒక మూలనుంచి జాగ్రత్తగా జరిపి తీసి మగ్గం దూలానికి తగిలించింది.

డిస్కు బయటకు వచ్చింది. అరచేతిలో పట్టే ఇనుప పలక. దాన్ని నా ల్యాప్‌టాప్‌కు కలిపాను. చదవడానికి తప్ప ఒక్క అక్షరం రాయడానికి వీల్లేని తీగ అది. వెతుకులాట మొదలైంది.

మొదట పైకి వచ్చినవి ఎవరివో ఫోటోలు. ఒక బుడ్డోడి పుట్టువెంట్రుకలు. పూలదండ వేసిన కొత్త ట్రాక్టర్. పత్తి చేలో నిలబడి నవ్వుతున్న నలుగురు ఆడవాళ్లు. కంప్యూటర్ అమ్ముకున్న నర్సంపేట కుటుంబం వాళ్లు. ఎప్పుడో తుడిచేసి వెళ్లిపోయినవాళ్లు వరుసగా లేచి వస్తుంటే కావ్య నా భుజం మీదికి వంగింది.

"ఇన్నేండ్ల కిందియి ఉంటే అన్నది గూడ ఉంటది గదక్కా?"

"ఉండాలె," అన్నాను. జాబితాను ఇంకా కిందికి జరిపాను.

తెర మీద సినిమాలు కనిపించసాగాయి. సినిమాలు కావు, ఒకే సినిమా. ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి, అదే సినిమాను మళ్లీ మళ్లీ ఎక్కించారు. డిస్కులో చాలామట్టుకు అదే. కావ్య పావుగంటలో పీకేసిన కొత్త విండోస్ పక్కనే మొదలై, చోటును వరుసగా నింపుకుంటూ పోయింది.

"ఇవి ఎవరు ఎక్కించిండ్రు?"

"నేను గాదక్కా! అమ్మతోడు!"

"నువ్వు వైరు పీకినంక ఎవరో మళ్ల పెట్టిండ్రు. విండోస్ ముందుకు నడిపిచ్చి, సినిమా ఎక్కిచ్చి, దాని మీద దాన్నే నింపిండ్రు. ఖాళీ చోటు మిగలొద్దని. నువ్వు చేసింది పొరపాటు. ఇది పొరపాటు గాదు."

"ఆ రిపేర్ షాపోడే చేసి ఉంటడు," అన్నాడు సదానందం. "పైసలిస్తే ఏమన్న చేసే రకం."

ఎప్పుడు చేశారో తేదీలు చూద్దామంటే, ఆ పాత కంప్యూటర్ లోపలి గడియారం సెల్లు ఎప్పుడో చచ్చిపోయింది, వైరు పీకిన ప్రతిసారీ గడియారం మొదటికొస్తుంది. సినిమాలన్నిటి మీదా పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటో తారీఖే. ఎవరు చేయించారన్నదానికి మాత్రం నాకు ఒక పేరు తట్టింది. సారంగపాణి. నిజం చెప్పాలంటే ఈ ఊళ్లో ఏ తప్పుడు పని జరిగినా నాకు మొదట తట్టే పేరు అదే. రిటైరైన ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు రమాకాంత్ తరఫున ప్రైవేటుగా కేసు చూస్తున్నాడు. నాకు ఈ పని నేర్పింది తానేనని ఊరంతా చెప్పుకుంటాడు. నేర్పిన మాట నిజమే, అదే నా మంట.

చిట్టచివర ఒక్క ఆశ మిగిలింది. సినిమా నింపినవాడు పూర్తి చేయలేదు. ఎవరైనా వచ్చిన అలికిడి విన్నాడేమో, డిస్కు తోక భాగం ఖాళీగానే వదిలేశాడు. ఆ భాగంలో ఒక పెద్ద వీడియో తాలూకు ముక్కలు కనిపిస్తున్నాయి. నా ల్యాప్‌టాప్‌తో అవి అతుక్కునేవి కావు. మడికొండ ఐటీ పార్కులో నా స్నేహితురాలు భవానికి ల్యాబ్ ఉంది. చెదిరిపోయిన వీడియోలను ముక్క ముక్క కలిపి నిలబెట్టడమే ఆమె పని. ఫోన్ చేశాను.

"రెండు గంటల్ల చెప్త ఉన్నదో లేదో," అంది భవాని. "కానీ ఒక్కటి చెప్త విను. ఇంకోసారి కరెంటు పెట్టకుండ్రి. ఎవరి చేతికి ఇయ్యకుండ్రి."

సరిగ్గా అప్పుడే సందులో కారు ఆగిన చప్పుడైంది. కావ్య కిటికీలోంచి చూసి, "అక్కా, ఆ పోలీసాయన," అంది.

సారంగపాణి. పక్కన రమాకాంత్ మనుషులు ఇద్దరు. పోశయ్య పోయిన కబురు నాకంటే ముందే అతనికి చేరి ఉంటుంది. ఆ వెనకే ఎస్సై వస్తాడు, కంప్యూటర్‌ను సీజ్ చేస్తాడు, అది పోలీసుల మాల్‌ఖానాలో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉంటుంది, ఎవడో ఒకడు ఉత్సాహం కొద్దీ దాన్ని ఆన్ చేస్తాడు. రేపటి బెయిల్ సంగతి దేవుడెరుగు.

ఆలోచించడానికి టైం లేదు. డిస్కును తీగ నుంచి విడదీసి, మెత్తటి గుడ్డలో చుట్టాను. సదానందం అప్పటికే మగ్గం దిగి నిలబడ్డాడు.

"ఇటివ్వండ్రి మేడం. ఎనుక దర్వాజ నుంచి బండి మీద పోత. మడికొండ ఎంత దూరం?"

"భవాని చేతికి తప్ప ఇంకెవ్వరికి ఇయ్యొద్దు."

"నేను గూడ పోత," అంది కావ్య. నా చేతిలోంచి డిస్కు లాక్కుని తన కాలేజీ సంచిలో పెట్టుకుని, సంచిని కడుపుకు హత్తుకుంది. "ఒకసారి నా చేతుల్నే పోగొట్టిన. ఈసారి నా చేతుల్నే తీస్కపోత."

సదానందం ఒక్క క్షణం తటపటాయించాడు. "నువ్వెందుకు బిడ్డా, ఎండ..." అన్నాడు. కావ్య వినలేదు. ఇద్దరూ వెనక తలుపులోంచి వెళ్లిపోయారు. బండి చప్పుడు సందు చివర కలిసిపోయేసరికి మనుషులిద్దరినీ వాకిట్లో నిలబెట్టి, ముందు తలుపు తోసుకుని సారంగపాణి లోపలికి వచ్చాడు. నాకు లోలోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. గురువుగారి ముక్కు కింద నుంచి సరుకు దాటించాను కదా.

"ఏం పద్మలతా, పెండ్లి సంబంధం చూడనీకి వచ్చినవా?" అన్నాడు గదంతా ఒకసారి కళ్లతో ఊడ్చి.

"మీకేమన్న కావాల్నా సార్? మీ వయసుకు కష్టం గానీ అడిగి చూస్త."

అతను నవ్వలేదు. విప్పిన డబ్బా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. "డిస్కేది?"

"అడగనీకి మీరెవరు? ఎస్సై వచ్చి అడిగితే చెప్త."

"వస్తాండు, అర్ధగంటల. అప్పుడు సాక్ష్యం మాయం చేసినవని నీ మీదనే కేసు రాస్తడు. రాయమని నేనే చెప్త." లేచి చేతులు దులుపుకున్నాడు. "నేను చెప్పనా ఏం జరిగిందో? ఆ వీడియోల భానుచందర్ లేడు. ఖాళీ మగ్గం ఉన్నది. చెల్లె చూసుకున్నది, గుండె పలిగింది, చెరిపేసింది. పొరపాటని ఏడుస్తాంది. నువ్వు నమ్మినవ్. నీకు ఏడుపు చూస్తే కండ్లు కనపడవు, ట్రైనింగులనే చెప్పిన."

"మరి ఆ సినిమాల సంగతేంది?" అన్నాను. కావాలనే అన్నాను. అతని మొహంలో ఏం కదులుతుందో చూద్దామని.

"ఏం సినిమాలు?"

ఈ మనిషి దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. అబద్ధం చెప్పేటప్పుడు అతను ఎదుటివాడి నుదురు చూస్తాడు. ఇప్పుడు నా కళ్లలోకే చూస్తున్నాడు. అతనికి నిజంగానే తెలియదు. నా పొద్దుటి అనుమానం అంతటితో చప్పబడిపోయింది, మింగుడుపడకపోయినా ఒప్పుకున్నాను.

జరిగింది చెప్పాను. అతను చెవి గోక్కున్నాడు. "అయితే ఏంది? అవి గూడ ఆ పిల్లనే అదే రోజు ఎక్కిచ్చింది. కాదని తారీఖులు చూపెట్టు."

"గడియారం చచ్చింది."

"మరింకేం? కంప్యూటర్‌కు పున్నమి నాడు పోగు కట్టిండ్రట గద, వాడంత చెప్పుకుంటాండ్రు. కట్టినంక ఎవ్వరు ముట్టుకోలే అని ఈ అమ్మనే అంటది. ముట్టుకోకుంటే సినిమాలు పున్నమికి ముందే ఎక్కినయి. అంటే ఆ పిల్లనే."

వాదన బాగుంది. మరీ బాగుంది. నాకు ఒళ్లు మండింది. "ముట్టుకోలేదని ఎవరు చెప్పిండ్రు?" అంటూ మగ్గం దూలానికి వేలాడుతున్న పసుపు పోగును అందుకున్నాను. కిటికీ వెలుగులో పెట్టి, కొస నుంచి కొసకు వేళ్ల మధ్య జారవిడిచాను. మెత్తగా జారుతూ పోయింది. ఒక్కచోట నా బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది.

ముడి లేదు. కానీ బెత్తెడు మేర పోగు మిగతాచోట్ల కంటే లావుగా ఉంది. పసుపు అక్కడ కాస్త మాసి, బూడిద రంగు తిరిగింది.

"భద్రమ్మా, ఇది కట్టేటప్పుడు నడుమ అతుకు ఉన్నదా?"

"దేవునికి కట్టేటి పోగు అతుకుది కడ్తరా బిడ్డా?" ఆమె నొచ్చుకుంది. "తెగని పోగే కట్టాలె. నేనే వడికి కట్టిన."

"మరి ఇది చూడు."

ఆమె దగ్గరికి వచ్చి ఆ చోటును వేళ్లతో తడిమింది. ముప్పై ఏళ్లుగా పడుగు సరిచేసిన వేళ్లు అవి. "అతికిండ్రు," అంది. "పురి పెట్టి అతికిండ్రు. మగ్గం మీద తెగితే గిట్లనే అతుకుతం. బూడిద అద్దుకుంటం, చెయ్యి జారకుండ."

మగ్గం పక్కన చిప్పలో బూడిద ఉండనే ఉంది.

"కావ్యకు ఇట్ల అతకడం వస్తదా?"

"దానికేడ వస్తది? తెగితే ముడి ఏస్తది. ముడి ఏస్తే నేసేటప్పుడు తట్టుకొని మళ్ల తెగుతదే అని ఎన్ని తిట్లు తిన్నదో."

నేను సారంగపాణి వైపు తిరిగాను. ఇన్నేళ్లలో అతన్ని ఇంత గట్టిగా దొరకబుచ్చుకున్న సందర్భం లేదు. "విన్నరా సార్? పున్నమి తర్వాత ఎవరో పోగు కోసి, వైరు తీసి, సినిమాలు ఎక్కించిండ్రు. పని అయినంక మళ్ల కట్టిండ్రు. వేరేవాళ్లయితే ముడేసి పోతరు. వీడు ముడి వెయ్యలే. తెగిన పోగు చూస్తే చెయ్యి ఊకుండలే. బూడిద అద్దుకుని పురి పెట్టిండు. అట్ల చేస్తున్నట్టు వానికే తెలిసి ఉండదు. కావ్య గాదు, రిపేర్ షాపోడు గాదు. నేత పుట్టుకతోని వచ్చినోడు."

"మంచిగ చెప్పినవ్," అన్నాడు సారంగపాణి. అతని గొంతులో వెటకారం లేదు. "మరి ఈ ఇంట్ల మగ్గం ఎక్కేటోళ్లు ఎందరు?"

నేను మగ్గం మీది సగం నేసిన జంపఖానా వైపు చూశాను.

భానుచందర్ జైల్లో ఉన్నాడు. భద్రమ్మ తన కొడుకు కోసం కట్టిన పోగును తనే కోయదు. కంప్యూటర్ మీద కొత్తది రాస్తే పాతది పోతుందని కావ్య చెప్పింది ఇద్దరికే. ల్యాబ్ పని నేనే పట్టుకున్నానని రోజులు జరిపింది ఎవరు? పోశయ్య బతుకుతాడన్నారే అని పొద్దున నాడె ఆపేసింది ఎవరు? దాన్ని నేను జాలి అనుకున్నాను. గోదాంలో మనిషి ఉన్నాడని ఆ శనివారం అతనికి తెలియదు. తగలబెట్టాలనుకున్నది దొంగ సరుకునే.

పక్క గోడ దగ్గర, కెమెరా ఉన్న చోటు నుంచి చూశాను. మగ్గం మీద కూర్చుంటే మొహం గోడ వైపు, వీపు తలుపు వైపు. కెమెరాకు మాత్రం మగ్గమూ కనిపిస్తుంది, వెనక తలుపూ కనిపిస్తుంది. ఆ తలుపు పక్కన బండి పెట్రోలు డబ్బా పెట్టుకునే గూడు. అన్న కొడుకు నేస్తున్న చప్పుడులో ఎవరో వచ్చి ఆ డబ్బా తీసుకెళ్లడం భానుచందర్ వీపుకు తెలియలేదు. కెమెరా చూసింది.

భానుచందర్‌ను విడిపించే వీడియోలోనే సదానందం ఉన్నాడు.

భద్రమ్మ అతికిన చోటును ఇంకా వేళ్లతో తడుముతూనే ఉంది. ఆమెకు నేనేమీ చెప్పనక్కరలేకపోయింది. "గాయన ఈ ఇద్దర్ని ఎత్తుకొని పెంచిండు," అంది. "నేను నేసుకుంట కూసుంటే కావ్యకు అన్నం తినిపిచ్చింది గాయననే."

"డిస్కేది పద్మలతా?" సారంగపాణి మళ్లీ అడిగాడు, ఈసారి మెల్లగా.

"అతని బండి మీద ఉన్నది," అన్నాను. "కావ్య గూడ. నేనే పంపిన."

ఆ మాట అంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కావ్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. నాలుగు సార్లు మోగాక ఎత్తింది. గాలి హోరు.

"కావ్యా, ఏడున్నరు?"

"అక్కా, నేనే చేద్దామనుకున్న. చిన్నాయిన మడికొండ దిక్కు పోతలేడు. నర్సంపేట రోడ్డు పట్టిండు. ఏందని అడిగితే మాట్లాడ్తలేడు. జోరుగ పోతాండు."

నేను ఏదో అనబోయేలోగా భద్రమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఫోన్ చిన్నాయిన చెవి కాడ పెట్టు బిడ్డా," అంది. ఒక్క క్షణం ఆగి, "సదానందం, పోరిని దించు," అంది.

బండి మోతలోంచి సదానందం గొంతు వచ్చింది.

"దించుత వదినా," అన్నాడు. ఆ గొంతు నేను పొద్దున విన్న గొంతులా లేదు. "లోపల పోశన్న ఉన్నడని నాకు తెల్వదు. నీ మీద ఒట్టు. భాను రెండు నెలలల్ల బయటికొస్తడని వకీలు చెప్తే నమ్మిన. ఇప్పుడు ఉరిశిచ్చ అంటరు వదినా, నాకు భయమైతాంది. పోరిని దించుత. దాని సంచిల ఉన్న డిస్కు మాత్రం అడుగకు."

సారంగపాణి అప్పటికే కారు తాళాలు తీసుకుని గుమ్మం దాటాడు. నేను అతని వెనకే పరుగెత్తాను. భద్రమ్మ ఫోన్ పట్టుకునే మా వెంట వచ్చింది. కారు తలుపు తీస్తుండగా స్పీకర్‌లో బండి నెమ్మదించిన చప్పుడు, సదానందం "దిగు బిడ్డా" అనడం వినిపించాయి. ఆ వెంటనే కావ్య గొంతు. ఈసారి ఏడుపు లేదు అందులో.

"నేను దిగ."

"దిగమంటాన్న గదా! ఆ సంచి ఇటియ్యి, దిగు!"

"ఇయ్య. దిగ. నువ్వు యాడికి పోతే ఆడికి వస్త చిన్నాయినా. ఇది అన్నది."

బండి ఒక్కసారిగా గట్టిగా మోత పెట్టి మళ్లీ పరుగందుకుంది. ఆ తర్వాత ఫోన్ కట్టయిపోయింది. సారంగపాణి కారును నర్సంపేట రోడ్డు వైపు తిప్పాడు.